తలుపు కింద సందు

4, సోమవారం

వచ్చేశాం. ఒక చేతిలో పిల్లి బుట్ట, ఇంకో చేతిలో కుక్క తాడు, భుజానికి బట్టల సంచీ. పిన్ని తలుపు తీసి నాకంటే ముందు వాటిని చూసింది.

"ప్రాణం దక్కించుకుని రావే తల్లీ అంటే సర్కస్ కంపెనీని వెంటేసుకొచ్చావా?" అంది. తర్వాత లైటు వెలుగులో నా మెడ చూసింది. నీళ్ళు కాచి పెట్టింది.

దొర శుభ్రంగా తిని పడుకున్నాడు. కుక్కలకి కొత్త చోటంటే బెంగ ఉంటుందంటారు గానీ వీడు మాత్రం వచ్చిన గంటలో పిన్ని చాప ఆక్రమించాడు. అత్తగారు బీరువా ఎక్కి అక్కణ్ణుంచి ఇల్లంతా తనిఖీ చేస్తున్నారు. నా అసలు అత్తగారు పోయి చాలా కాలమైంది కాబట్టి పిల్లికి ఆ హోదా ఇచ్చినందుకు అడిగేవాళ్ళు లేరు. ఆ పేరు పెట్టిన రోజు మా ఆయన కూడా నవ్వారు. ఆయన నవ్వే రోజులు కూడా ఉండేవి.

భయంగా ఉంది. రాస్తే తగ్గుతుందేమోనని దారిలో బస్సు ఆగినచోట ఈ పుస్తకం కొన్నాను. తగ్గలేదు.

5, మంగళవారం

పిన్ని డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో నిలబడి షరతులు చెప్పింది, వార్డులో పేషెంట్లకి చెప్పే గొంతుతోనే.

"కర్టెన్ తియ్యకు. తలుపు తియ్యకు. నా తాళంతో నేనే తీసుకుని వస్తాను. ఎవరు కొట్టినా నువ్వు లేనట్టే. ఆ కుక్క గనక మొరిగిందో, దాన్ని నేనే కరుస్తాను."

పిన్ని ఒకావిడ ఉందని ఆయనకి తెలియదు. తనకి నచ్చినవాణ్ణి చేసుకుందని మా ఇంట్లో ఆవిడ పేరే ఎత్తరు. నా పెళ్ళికి కూడా పిలవలేదు. నర్సుగా చేస్తోందని, మొగుడు పోయాక ఈ రెండు గదుల్లో ఒంటరిగా ఉంటోందని ఆయన చెవిన వేసినవాళ్ళు లేరు. మేం వెలేసిన మనిషే ఇప్పుడు నాకు అక్కరకొచ్చింది. సిగ్గుగా ఉంది, ధైర్యంగానూ ఉంది.

అత్తగారికి కిటికీ కావాలి. కర్టెన్ అంచు పట్టుకుని లాగుతోంది. తెల్లటి పిల్లి, సగం తోక. వీధిలో పోతూ ఆయన ఒక్కసారి తలెత్తితే చాలు. పిన్నీసులు పెట్టి కర్టెన్ బిగించేశాను.

తోక సంగతి రాయను.

6, బుధవారం

కింది అంతస్తులో ప్రింటింగ్ ప్రెస్సు. పగలంతా మిషను కొట్టుకుంటూనే ఉంటుంది. దొర మొరిగినా అందులో కలిసిపోతుంది కాబట్టి దేవుడి దయ అనుకుంటున్నాను. సాయంత్రం మిషను ఆగిపోతే నాకు నా గుండె చప్పుడు వినిపిస్తుంది.

దొరకి ఈ ఇల్లు చాలడం లేదు. తెల్లవారకముందే డాబా మీదికి తీసుకెళ్ళి తెస్తున్నాను, అంతే. మిగతా రోజంతా వంటింటి నుంచి తలుపు దాకా, తలుపు నుంచి వంటింటి దాకా. కాలుగాలిన పిల్లి అంటారు గానీ ఇక్కడ కాలుగాలింది కుక్కకి, పిల్లి హాయిగా పడుకుంది. తలుపు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆగి నావైపు చూస్తాడు. ఆయన ఎప్పుడొస్తారని అడుగుతున్నాడు. ఆయనంటే వాడికి ప్రాణం. వాణ్ణి ఆయన ఒక్కనాడూ కసురుకోలేదు. కన్నకొడుకులా చూసుకున్నారు.

నాకు ఆ కుక్క మీద అసూయగా ఉండేది. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గానీ నిజం.

7, గురువారం

కుక్కకి వీధి చూపించలేనప్పుడు ఇంట్లోనే ఓ వీధి తయారుచెయ్యాలి. పొద్దుటి నుంచీ అదే పని.

పాత తువ్వాలు పరిచి, దాని మీద వాడి గింజల తిండి చల్లి, గట్టిగా చుట్టి ముడేశాను. ముక్కుతో పొడిచి, పళ్ళతో లాగి, విప్పుకుని తినాలి. నీళ్ళ సీసాకి కన్నాలు పొడిచి అందులో గింజలు పోశాను. దొర్లిస్తే ఒక్కొక్కటీ రాలతాయి. సీసా వెనకాల ఇల్లంతా తిరిగి పిన్ని మంచం కింద ఇరుక్కుని కుయ్యోమన్నాడు. తర్వాత మేజోళ్ళలో బిస్కెట్ ముక్క పెట్టి దాచడం, వాడు వాసన పట్టి తేవడం. ఆ ఆటకి "ఎక్కడుంది?" అని పేరు పెట్టాను. గుసగుసగా అనాలి. ఇంట్లో అన్నీ గుసగుసగానే.

అత్తగారికి అట్టపెట్టెలు పేర్చి కోట కట్టాను, లోపలికీ బయటికీ దారులు కోసి. చీపురుపుల్లకి కాగితం ముక్క కట్టి ఆడించాను. టార్చి వెలుగు చుక్కని గోడ మీద తిప్పితే గెంతీ గెంతీ చివరికి తన ఖాళీ పంజా చూసుకుని, నావైపు ఓ చూపు చూసింది. పట్టుబడనిదాని వెంట పరిగెత్తించడం మంచిది కాదు. టార్చి లోపల పెట్టేశాను.

పిన్ని వచ్చి ఇల్లు చూసి, "వీటికి తోచడం లేదా, నీకు తోచడం లేదా?" అంది.

8, శుక్రవారం

మెట్ల మీద ఎవరో దిగారు. ఊపిరి బిగబట్టి బాత్రూంలో నిలబడ్డాను. పై అంతస్తు లెక్కల మాస్టారట. పిన్ని చెప్పాక నమ్మాను.

9, శనివారం

అత్తగారు చెవి గోక్కుంటోంది, లోపల ఎర్రగా ఉంది. ముందొకసారి వచ్చిన జబ్బే. ఆ మందు పేరు గుర్తు రావడం లేదు. ఇక్కడి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే బయటికి వెళ్ళాలి.

మా పాత పశువుల డాక్టరు గారి కాంపౌండరుకి ఫోన్ చేశాను. మంచివాడు. అత్తగారిని చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు. నా కొత్త నంబరుతోనే చేశాను, నా పేరు చెప్పలేదు, సగం తోక పిల్లి అన్నాను, అంతే. "అయ్యో అత్తగారికా అమ్మా!" అన్నాడు. మందు పార్సిల్ పంపిస్తానన్నాడు. చిరునామా ఇవ్వక తప్పలేదు. పిన్ని పేరు మీదే ఇచ్చాను. జంతువులంటే అంత ప్రేమ ఉన్న మనిషి ఎవరికి చెప్తాడు?

పిన్నికి చెప్పలేదు. ఊరికే కంగారు పడుతుంది.

11, సోమవారం

పని మొదలుపెట్టాను. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని టైపు చెయ్యడం, అదే పాత పని, అవే వేళలు. మధ్యాహ్నం భోజనం అయ్యాక హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే సాయంత్రం ప్రెస్సు ఆగే దాకా తియ్యను. ఎవరో తెలియనివాళ్ళ మోకాళ్ళు, మూత్రపిండాలు, రక్తపోటు. డబ్బు చేతికొస్తుందన్న మాట పక్కన పెడితే, చెవుల్లో వేరేవాళ్ళ జబ్బులు ఉన్నంతసేపూ నా భయం వినపడదు.

కూర్చునే ముందు ఇద్దరికీ ఆటలు అమర్చి పెట్టాను. దొరకి సీసా, తువ్వాలు. అత్తగారికి కోట.

12, మంగళవారం

చెవి మందు వచ్చింది. పిన్ని పేరు చూసి పిన్నే తీసుకుంది. "ఇదెక్కడిదే?" అంటే ఫోన్లో ఆర్డరు పెట్టానన్నాను. అబద్ధం కాదు.

14, గురువారం

దొర మారిపోయాడు! పొద్దున్న పచార్లు లేవు, మూలుగులు లేవు. మధ్యాహ్నం పనిలో ఉండి ఒకసారి తల తిప్పి చూస్తే తలుపు దగ్గర పొట్ట ఆనించి పడుకుని, ముక్కు కింది సందులో పెట్టి, తోక నేలకేసి కొడుతున్నాడు. తలుపు కింద చాలా సందు ఉంది. ప్రెస్సు దుమ్ము రాకుండా పిన్ని అక్కడ గుడ్డచుట్ట ఒకటి అడ్డం పెట్టింది. దాన్ని లాగి పక్కన పారేశాడు. అదో కొత్త ఆట కనిపెట్టుకున్నాడన్నమాట.

ఆటలు పనిచేస్తున్నాయి. చాలా రోజుల తర్వాత నేను చేసిన పని ఒకటి సరిగ్గా అయింది. పిన్నికి గొప్పగా చెప్పాను.

15, శుక్రవారం

అత్తగారే లొంగడం లేదు. మధ్యాహ్నమైతే చాలు మంచం కిందికి దూరి గోడకి అతుక్కుంటోంది. చీపురుపుల్ల ఆడించినా రాదు, తిండి చూపించినా రాదు. చెవి తగ్గింది, ఇక బెంగ అనుకుంటాను. కర్టెన్ మూసేయడం వల్లే. రేపు కోటకి ఇంకో అంతస్తు కట్టాలి.

దొర మళ్ళీ గుడ్డచుట్ట లాగాడు. మళ్ళీ తోక.

17, ఆదివారం

నిన్నా ఇవాళా పిన్నికి సెలవు. ముగ్గురం మధ్యాహ్నాలు పడుకున్నాం. అత్తగారు మంచం మీదే, పిన్ని కాళ్ళ దగ్గర. "నాకు కుక్కలన్నా పిల్లులన్నా పడదు" అంటూనే పిన్ని దాని వీపు గోకింది.

దొర మాత్రం రెండు రోజులూ తలుపు దగ్గర కూర్చుని ఏడుపుముఖం పెట్టాడు. పిన్ని ఉంటే ఆడుకోవడానికి వాడికి మొహమాటం కాబోలు.

18, సోమవారం

తలుపు దగ్గర చీమలు బారులు తీరాయి. చూస్తే బిస్కెట్ పొడి. ఉప్పు బిస్కెట్. పిన్నికి రక్తపోటు ఉంది, ఉప్పు మానమన్నారు, అయినా గుమ్మంలోనే నిలబడి దొంగచాటుగా తినేసి వస్తోందన్నమాట. చిన్నపిల్లల కంటే కనాకష్టం. ఊడ్చేశాను. అడిగితే చిన్నబుచ్చుకుంటుందని అడగలేదు.

19, మంగళవారం

దొర రాత్రి తిండి ముట్టలేదు. ఒళ్ళు వేడిగా లేదు, ముక్కు తడిగానే ఉంది, ఉత్సాహంగానే ఉన్నాడు. మరెందుకు తినడు?

మళ్ళీ చీమలు. పిన్ని ఇవాళ పొద్దున్నే వెళ్ళింది. పొద్దున్న నేను ఊడ్చాను.

గాలికి వచ్చి ఉంటుంది.

20, బుధవారం

గాలికే.

21, గురువారం

పిన్ని పక్క గదిలో ఫోన్లో మాట్లాడుతోంది. అంతా వరసగా రాయాలి, స్టేషన్‌లో అడిగితే తడబడకూడదు.

తెల్లవారుతుండగా డాబా మీద లెక్కల మాస్టారు కుండీలకి నీళ్ళు పోస్తున్నారు. ఎప్పుడూ తప్పించుకుని వచ్చేదాన్ని, ఇవాళ ఎదురుపడ్డారు. దొర తల నిమిరి, "వీడేనామ్మా! మీవారు ఎంత మంచివారండీ" అన్నారు.

నేను తాడు దగ్గరికి లాక్కున్నాను.

"రోజూ మధ్యాహ్నం బడి నుంచి వచ్చేటప్పుడు చూస్తున్నాను. మీ గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని, సందులోంచి వీడికి బిస్కెట్లు పెడుతుంటారు. తలుపు కొట్టొచ్చు కదండీ అంటే, 'తను పనిలో ఉంటుంది మాస్టారూ, కదిలించకూడదు' అన్నారు. ఈ కాలంలో అంత ఓర్పు ఎవరికుందమ్మా?"

కిందికి దిగి లోపల గడియ కూడా పెట్టాను. అప్పటికే పిన్ని డ్యూటీకి వెళ్ళిపోయింది. ఫోన్ తీశాను. పెట్టేశాను. మాస్టారికి చత్వారం, ప్రెస్సు వాళ్ళలో ఎవరినో చూసి ఉంటారు అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ అలాగే అనుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇన్నాళ్ళూ నేను చేసింది అదే కదా.

మధ్యాహ్నం హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు. తలుపు దగ్గరి బల్ల ముందు, టైపు చేస్తున్నట్టు ఉత్తుత్తినే మీటలు నొక్కుతూ కూర్చున్నాను. కింద ప్రెస్సు మోత. అత్తగారు బీరువా మీంచి దిగి మంచం కిందికి వెళ్ళిపోయింది. ఆ వెంటనే దొర లేచి వెళ్ళి గుడ్డచుట్ట లాగాడు. ముక్కు సందులో పెట్టాడు. తోక మొదలైంది.

"నాన్నొచ్చాడ్రా" అంది తలుపు అవతలి గొంతు. మెల్లగా, ముద్దుగా. "అమ్మ పని చేసుకుంటోందా? చేసుకోనీ. నువ్వు తిను."

బిస్కెట్ ముక్క సందులోంచి లోపలికి వచ్చింది. దాని వెనకాల రెండు వేళ్ళు. ఆ గోళ్ళు నాకు తెలుసు.

నా వేళ్ళు ఆగిపోయాయి. అంతే, గొంతు కూడా ఆగింది. తర్వాత, "టైపు ఆపేశావేం?" అన్నారు.

మీటల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"భయపడకు. నేనేమన్నాను ఇప్పుడు? అత్తగారికి చెవి నొప్పి అట కదా, కాంపౌండరు చెప్పాడు. అందరినీ అడిగి అడిగి అలిసిపోయి ఉన్నాను, దేవుడిలా కనబడి 'పిల్లికెలా ఉంది సార్' అన్నాడు. ఇన్ని రోజుల నుంచీ వస్తున్నాను, ఒక్కరోజైనా తలుపు కొట్టానా? నీ అంతట నువ్వే తియ్యాలని కూర్చున్నాను. దొరని ఒక్కసారి ముట్టుకుని పోతాను. ఒక్కసారి. ఏం, అదీ తప్పేనా?"

ఆ గొంతు నాకు తెలుసు. ఏదైనా జరిగిన మర్నాడు వచ్చే గొంతు అది. ఆ గొంతు కోసం నేను ఎన్నిసార్లు ఎదురుచూశానో.

లేచాను. తలుపు దాకా వెళ్ళాను. దొర నా కాళ్ళ చుట్టూ తిరుగుతూ పైకి ఎగురుతున్నాడు. గడియ మీద చెయ్యి పెట్టాను.

ఈ ముక్క పిన్నికి చెప్పలేదు. ఎవరికీ చెప్పను. చెయ్యి పెట్టాను, గడియ కొంచెం జరిపాను కూడా.

అప్పుడు వెనక్కి చూశాను, ఎందుకు చూశానో తెలియదు. మంచం కింద అత్తగారు. ఒళ్ళంతా నేలకి అదిమేసుకుని, కళ్ళు ఇంతేసి చేసుకుని, ఆ తలుపునే చూస్తోంది. ఇన్ని రోజులూ మధ్యాహ్నం ఆవిడ ఎందుకు దాక్కుందో అప్పుడు తెలిసింది. ఆవిడ తన మానాన తాను నిజం చెప్తూనే ఉంది. నేను పుల్ల ఆడించి బయటికి రమ్మంటూ ఉన్నాను.

తోక సంగతి రాస్తాను. నేను ఇంటికి ఆలస్యంగా వచ్చిన రోజు ఆయన నా కళ్ళ ముందే తలుపు వేశారు, ఆవిడ తోక మధ్యలో ఉందని చూసి మరీ వేశారు. తర్వాత ఆయనే కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కాంపౌండరు ముందు ఏడ్చారు కూడా.

గడియ మళ్ళీ బిగించాను. వంటింట్లోకి వెళ్ళి పిన్నికి ఫోన్ చేశాను. "వచ్చాడు" అన్నానంతే.

పిన్ని వచ్చేదాకా అవతల మాటలు ఆగలేదు. పాటలా సాగాయి. నా పుట్టినరోజు, మేం చూసిన ఇల్లు, దొర చిన్నప్పుడు చెప్పులు కొరికిన సంగతి. చెవులు మూసుకుందామంటే హెడ్‌ఫోన్లు తలుపు దగ్గరున్న బల్ల మీద ఉన్నాయి.

పిన్ని ఒంటరిగా రాలేదు. హాస్పిటల్ వాచ్‌మన్‌నీ, తనతో పనిచేసే ఇద్దరు నర్సుల్నీ యూనిఫారాల్లోనే వెంటబెట్టుకొచ్చింది. కింద ప్రెస్సు కూడా ఆపించింది. మిషను ఆగగానే ప్రతి మాటా స్పష్టంగా వినబడింది.

"తలుపు తియ్యకే!" అని ముందు నాకు చెప్పింది. తర్వాత ఆయనతో, "ఎవరండీ మీరు? ఆడవాళ్ళున్న ఇంటి ముందు ఏం పని?"

"నమస్కారం పిన్నిగారూ. మీరున్నారని కూడా తెలియదు నాకు, ఇన్నాళ్ళూ దాచింది చూడండి. నాకేం గొడవ వద్దు. కుక్క నాది. నేను తెచ్చి పెంచుకున్నది. దాన్నిచ్చేస్తే వెళ్ళిపోతాను. మళ్ళీ ఈ గడప తొక్కను. వీళ్ళందరి ముందూ చెప్తున్నాను."

మాస్టారి గొంతు వినబడింది: "న్యాయంగానే అడుగుతున్నారు కదమ్మా. కుక్క కోసం ఇంత రభస దేనికి?"

పిన్ని తలుపు దగ్గరికి వచ్చింది. "ఏమంటావే? కుక్కనిస్తే పీడ వదులుతుందంటున్నాడు. ఇచ్చేద్దామా?" ఆవిడ గొంతులో ఇచ్చేయమనే ఉంది.

నాకూ అదే అనిపించింది. దొర వెళ్తే సంతోషంగానే వెళ్తాడు. వాడికి నేను ఏ లోటూ చేసినట్టు కాదు. నేను బతికిపోతాను. కానీ నన్ను నేను ఎరుగుదును. ఇవాళ కుక్కని ఇస్తాను. వారం తర్వాత, 'దొర అన్నం ముట్టడం లేదు, నీ కోసమే చూస్తున్నాడు, ఒక్కసారి వచ్చి పెట్టి పో' అని కబురొస్తుంది. నేను వెళ్తాను. ఖచ్చితంగా వెళ్తాను. ఆయనకీ అది తెలుసు. కుక్కని అడగడం నన్ను అడగడమే.

"ఇవ్వను" అన్నాను.

వినబడలేదేమోనని మళ్ళీ అన్నాను, గట్టిగా. ఈ ఇంట్లో నేను గుసగుసగా కాకుండా అన్న మొదటి మాట అదే.

తర్వాత తలుపు మీద మొదటి తన్ను పడింది. కింది చెక్క పగిలింది. నోటికి రాని మాటలు లేవు. నేను రాయను, పిన్నిని అన్నవి అసలే రాయను. దొర అది కూడా ఆటే అనుకుని తోక ఊపుతూ మొరుగుతున్నాడు. ప్రెస్సు వాళ్ళు పైకొచ్చి అతన్ని పట్టుకున్నారు. పిన్ని పిలిపించిన పోలీసులు వచ్చేదాకా పట్టుకునే ఉన్నారు.

అంతా అయ్యాక మాస్టారు లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. "ఎంత మెత్తగా మాట్లాడాడమ్మా నాతో" అని అదే మాట తిప్పి తిప్పి అన్నారు. నాకు మాస్టారి మీద కోపం రాలేదు. నాతోనూ అంత మెత్తగానే మాట్లాడేవాడు.

23, శనివారం

స్టేషన్‌కి వెళ్ళి చెప్పాల్సిందంతా చెప్పాను. తడబడలేదు. మందలించి పంపించాం, కాగితాలు కోర్టుకి వెళ్తాయి, అప్పటిదాకా ఇటు రాడు అన్నారు. పంపించామంటే ఎక్కడికి పంపించినట్టు? అది అడిగితే పిన్ని నా మోచెయ్యి గిల్లింది.

కాంపౌండరు ఫోన్ చేసి ఏడ్చాడు. "మీ ఇద్దరినీ కలుపుతున్నాననే అనుకున్నానమ్మా" అన్నాడు. అత్తగారి చెవి తగ్గిందని చెప్పాను.

25, సోమవారం

వడ్రంగి వచ్చి పగిలిన చెక్క మార్చాడు. "ఇంత సందు ఎందుకు వదిలారమ్మా, ఎలుకలు దూరతాయి" అంటూ కింద పట్టీ కొట్టి మూసేశాడు. ఇప్పుడు చీమ కూడా రాదు.

అత్తగారు మధ్యాహ్నం మంచం మీద, బోర్లా. కోట ఎక్కింది. పుల్ల కాగితాన్ని చింపి పోగులు పెట్టింది.

దొర తలుపు దగ్గర. ఆ వేళ కాగానే వెళ్ళి కూర్చున్నాడు. గుడ్డచుట్ట లేదు, సందు లేదు, కొత్త పట్టీని గీరి గీరి చూశాడు. సీసా దొర్లించాను, చూడలేదు. తువ్వాలు తెచ్చాను, చూడలేదు. ఉన్నట్టుండి నాకు ఒళ్ళు మండింది. "ఏం చూశావురా ఆ మనిషిలో?" అని అరిచాను. చెవులు వెనక్కి వాల్చి, తోక ఒక్కసారి ఊపాడు.

పోయి వాడి పక్కనే నేల మీద కూర్చున్నాను. తిట్టి ఏం లాభం? నేను మాత్రం అన్నేళ్ళు ఏం చేశాను, సాయంత్రమయ్యేసరికి తలుపు వైపు చూస్తూ, ఇవాళ ఏ ముఖంతో వస్తాడో అని, మంచి ముఖంతో వస్తే ఇలాగే తోక ఊపుతూ.

పిన్ని వచ్చేసరికి ఇద్దరం అక్కడే ఉన్నాం. అడ్డం లేవమంది. తర్వాత తనూ చెప్పులు విప్పి మా పక్కన కూర్చుంది.

"కుక్కకి విశ్వాసం ఉంటుందే, వివేకం ఉండదు. దాన్ని ఇలా ఇంట్లో పెట్టి ఎన్నాళ్ళు ఆడిస్తావు? బయట తిరిగితే నాలుగు వాసనలు తగిలి ఈ ఒక్క వాసనా మరుస్తుంది" అంది.

"నాకు భయం పిన్నీ."

"ఉండదా మరి? దాన్ని కూడా తీసుకుపో."

26, మంగళవారం

వెళ్ళాం. పగలే. ప్రెస్సు మోగుతుండగా. పిన్ని వస్తానంటే వద్దన్నాను, మెట్ల దాకా వచ్చాక అలా అన్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ప్రెస్సు వాళ్ళలో ఒకతను గుమ్మంలో నిలబడి "మేమిక్కడే ఉంటాం అక్కా" అన్నాడు.

తాడు రెండు చుట్లు చేతికి చుట్టుకున్నాను. వీధి నేను అనుకున్నంత పెద్దదేం కాదు. ఒక మందుల షాపు, సైకిళ్ళు బాగుచేసే చోటు, ఎవరో ఆరేసిన దుప్పట్లు. ఆ దుప్పట్ల వెనక ఎవరైనా నిలబడొచ్చు అని ముందు అదే తోచింది.

గేటు దగ్గర దొర ఆగాడు. చెవులు నిక్కబొడిచి ఈ చివరికి చూశాడు, ఆ చివరికి చూశాడు. నేనూ ఈ చివరికి చూశాను, ఆ చివరికి చూశాను. ఇద్దరం అతని కోసమే చూస్తున్నాం. వస్తాడేమోనని వాడి ఆశ, వస్తాడేమోనని నా భయం.

రాలేదు.

తాడు కాస్త వదులు చేశాను. ఎడమవైపు నడిచాం.